సర్దిన పాపానికి

ఆ రోజుతో నా ప్రొబేషన్ పూర్తవుతుంది. మూడు గంటలకు మేనేజర్ ముందు ప్రోగ్రాం నడిపి చూపిస్తే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంకో ఆరు నెలలు ఇదే వరస. మా ఇంట్లో డిగ్రీ గట్టెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. అమ్మ అప్పటికే వీధంతా చెప్పేసింది.

ప్రోగ్రాం పైథాన్‌లో ఉంది. బరువైన లెక్కలు చేసే భాగాన్ని మాత్రం సీ భాషలో రాసి, విడిగా ఒక లైబ్రరీ ఫైలుగా పెట్టాం. నడిచేటప్పుడు మొదటిది రెండోదాన్ని వెతికి పిలుచుకోవాలి. రెంటినీ కలిపేటప్పుడు ఒక్క తప్పూ రాలేదు. తీరా నడిపితే, 'లైబ్రరీ దొరకలేదు' అంది.

ఫోల్డర్ తెరిచి చూశాను. ఫైలు నిక్షేపంలా ఉంది.

"మేడమ్, ఉందండీ!" అన్నాను మా టీమ్ లీడ్‌తో.

"నువ్వు ఉందంటావు, అది లేదంటుంది. మధ్యలో నన్నేం చెయ్యమంటావ్, పంచాయితీ పెట్టమంటావా?" అని ఆవిడ గడియారం చూపించారు. రెండున్నర.

ఫైలు పేరు అక్షరం అక్షరం సరిచూశాను. కంప్యూటర్ని రెండుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేశాను. మూడోసారి దండం కూడా పెట్టాను. అంతలో ఫోన్. దర్జీ కొట్టు నుంచి నాన్న.

"ఒరేయ్, నా పెద్ద కత్తెర ఏం చేశావురా? నిన్నట్నుంచి పనాగిపోయింది."

"సొరుగులోనే ఉంది నాన్నా. ఆదివారం కొట్టంతా సర్దానుగా."

"సొరుగులో నేనెందుకు చూస్తాన్రా? ముప్పై ఏళ్లుగా అది మేకుకే వేలాడుతోంది. కళ్లు బట్ట మీదుంటాయి, చెయ్యి దానంతటదే మేకు దగ్గరికి పోతుంది. అక్కడ లేకపోతే లేనట్టే!"

"నేను మళ్లీ చేస్తా నాన్నా," అని పెట్టేశాను. పెట్టీపెట్టగానే స్క్రీన్ వైపు తిరిగాను.

సోమవారం ఆఫీసులోనూ నేను చేసింది అదే. చిందరవందరగా ఉన్నాయని ఫైళ్లన్నీ కొత్త ఫోల్డర్‌లో ముచ్చటగా సర్దాను. రెంటినీ కలిపే కంపైలర్‌కి ఆ కొత్త చోటు చెప్పాను, అందుకే అది కిక్కురుమనలేదు. నడిచేటప్పుడు వెతికేదానికి మాత్రం చెప్పలేదు. అది పాపం అలవాటైన చోట్లన్నీ తడిమి, చేతులెత్తేసింది.

అది వెతికే చోట్ల జాబితాలో కొత్త ఫోల్డర్‌ని చేర్చాను. ఒకే ఒక్క వరుస! మూడింటికి అయిదు నిమిషాలుందనగా ప్రోగ్రాం నడిచింది. మేనేజర్ చూసి, తలూపి, కాగితం మీద సంతకం చేశారు.

బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను.

"ఉద్యోగం ఖాయమైంది నాన్నా!"

అటునుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"చాలా సంతోషంరా," అన్నాడు చివరికి. "ఆదివారం రా. కడుపునిండా తిను, హాయిగా పడుకో. కొట్టులో మాత్రం దేన్నీ ముట్టుకోకు."