గిల్లేసిన పూలు

"మా ఫ్రిజ్‌లో పద్నాలుగు మైనర్లున్నాయి, మిల్లు రోడ్డు గట్టు కోయించకు" అని మా పక్కింటి లోర్నా ఫోన్ చేస్తే, ఊరి రోడ్ల అధికారి డ్వైట్‌కి మొదటి సగమే చెవికెక్కింది. దారి పొడుగునా అందరికీ చెప్పుకుంటూ, పసిపిల్లల్ని కాపాడ్డానికి ట్రక్కు వేసుకొచ్చాడు. ఫ్రిజ్ తెరిస్తే సంచుల్లో ఆకులు!

"మైనర్లంటే పురుగు పిల్లలయ్యా! ఆకు రెండు పొరల మధ్యా సొరంగం తవ్వుకుంటూ తినేస్తాయి. ఒక్కో ఆకూ ఒక్కో గని, అందుకే ఆ పేరు" అన్నాను.

"నీ నోటి గని కాస్త మూస్తావా?" అంది లోర్నా.

సోమవారం గట్టు మీది మొక్కల కోత. లోర్నా ఆశంతా ఆ ఆకుల మీదే. ఆకుల మీది ఈ సొరంగాల గీతలు ఏదో కొత్త పురుగువని ఆమె మనసు చెబుతోంది. లోపలి పురుగు ఈగై బయటికొస్తే గానీ పేరు తేలదు.

"ప్రతి పెరట్లో దొరికేదైతే కోసేస్తానమ్మా" అన్నాడు డ్వైట్.

ఆకు పురుగుల్ని గుర్తుపట్టే మా పుస్తకంలో మొదటి ప్రశ్న పురుగు గురించి కాదు, మొక్క ఏదని. సంచి మీద లోర్నా రాతలో 'కొలంబైన్' అని, పెరటి పూలమొక్క పేరు ఉంది. డ్వైట్ ఆ పేజీ తీశాడు.

"ఇలాంటి తెల్లగీతలు మా ఆవిడ కుండీలోనే ఉన్నాయి కదమ్మా!"

లోర్నా కుర్చీలో కూలబడింది. మోకాలు నొప్పని ఈసారి గట్టు మీద ఆకులు కోసుకు రమ్మని నన్ను పంపింది. ఆకుతో పాటు పువ్వో కాయో తేవాలన్నది ఆకు పురుగులు వెతికే మా బృందం నియమం. ఆమె నా వైపు చూసింది.

"పూలేవీ?"

"సంచిలో పట్టక గిల్లేశాను."

"ఎర్రగా, వెనక తోకలతో ఉన్నాయా?"

"అబ్బే, రేకులే లేవు. తెల్ల దారాల కుచ్చుల్లా ఉన్నాయి."

"ఓరి నీ సొగసు కూలా! అది మెడో రూ అనే అడవి మొక్క! ఆకు ఒకేలా ఉంటే కొలంబైన్ అనుకున్నాను!"

మోకాలి సంగతి మరిచి లేచింది. డ్వైట్ ట్రక్కులో గట్టుకెళ్లాం, వెనకే వీధంతా. ఛాతీ ఎత్తు మొక్కలు, తెల్లటి కుచ్చులు, ఆకాకుకీ గీతలు. ఏ మొక్క మీద ఏ పురుగు దొరికిందో రాసుకున్న మా జిల్లా జాబితా తిప్పాను. మెడో రూ ఎదురుగా ఒక్క పురుగు పేరూ లేదు, ఖాళీ. ఆ ఖాళీ మీద లోర్నా వేలు పెట్టి, తియ్యలేదు.

డ్వైట్ ట్రక్కెక్కి గొంతెత్తాడు.

"పిల్లలెవరూ లేరు! ఉన్నవి ఆకు పురుగులు. మొక్క పేరు తప్పు పడింది. పూలు గిల్లింది ఈయన. మంచు పడేదాకా ఇక్కడ కోత లేదు!"