దానయ్య గుర్రానికి దగ్గు

నేను ఒక నీళ్ళ మీద పరిగెత్తే బండిని. బీచ్‌కొచ్చే బాబులు జెట్‌స్కీ అంటారు. నా యజమాని దానయ్య గుర్రం అంటాడు. ఆయన పెళ్ళాం పోలమ్మ మాత్రం ‘సవితి’ అంటుంది. మూడింటిలో నాకు నచ్చింది అదే. నన్ను మనిషి కింద లెక్కేసింది ఆవిడొక్కతే.

పుట్టింది జపాన్‌లో. అక్కడ తెల్ల గ్లౌజులు తొడుక్కున్నవాళ్ళు నన్ను పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. తర్వాత గోవాలో ఒక రిసార్టు. అక్కడ నా మీద ఎక్కినవాళ్ళలో తాగనివాణ్ణి నేనైతే చూడలేదు. రంగు వెలిశాక లారీ ఎక్కించి భీమిలి దగ్గర ఈ తీరాన దింపారు.

దానయ్య అంతకుముందు చేపల వేటకెళ్ళేవాడు. ఒకరోజు కంగారులో గంగమ్మకి కొబ్బరికాయ కొట్టకుండా పడవ దించాడట. ఆ రోజే పడవ తిరగబడింది, కుడిభుజం గూడు జారింది. వల లాగడానికి ఆ చెయ్యి ఇక పనికిరాలేదు. పోనీ ఒడ్డున బతుకుతాడా అంటే, సముద్రం కనపడకపోతే ముద్ద దిగని మనిషి. ఉన్నదంతా ఊడ్చి నన్ను కొన్నాడు. నా హ్యాండిల్ పట్టుకోడానికి ఆ భుజం చాలు. కానీ ఆ రోజునుంచి కాయ కొట్టకుండా నీళ్ళలో కాలు పెడితే ఒట్టు.

కొట్టేదెక్కడ? నా ముక్కు మీద. సరిగ్గా పెట్రోలు మూత పక్కన. ఆ మూత కింది రబ్బరు వాషరేమో గోవాలోనే చీలింది.

నన్ను కొన్న వేసవిలోనే నాకు దగ్గు పట్టుకుంది. ఒడ్డున బాగానే మోగుతాను. కాస్త లోపలికెళ్ళేసరికి ఖళ్ళుఖళ్ళుమని ఆగిపోతాను. వేటపడవల వాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చేవారు. “దానయ్యా, ఇది గుర్రమా గాడిదా?” అని నవ్వేవారు.

మెకానిక్ త్రినాథ్ వచ్చాడు. ప్లగ్గులు మార్చాడు, ఫిల్టర్ మార్చాడు, కార్బురేటర్ విప్పి దాని సన్న రంధ్రాల్లోకి గాలి కొట్టి శుభ్రంగా కడిగాడు. “ఉప్పునీళ్ళు దిగిపోతన్నాయన్నా” అని నా ఒళ్ళంతా సీలు పూశాడు. నేను గుర్రుమని లేచాను. అందరికీ ఆనందం. ఆనందమొస్తే ఏం చేస్తారు? కొబ్బరికాయ కొట్టారు! చిప్పలు త్రినాథే తిన్నాడు. మర్నాడు మళ్ళీ దగ్గు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ కడిగాడు. ఈసారి దిష్టి తగిలిందని రెండు కాయలు. ఓరి మీ భక్తి మండిపోనూ! నాకు నోరుంటే అక్కడికక్కడే కడిగేసేదాన్ని.

ఇంతలో కబురొచ్చింది. శుక్రవారం టూరిజం ఆఫీసరు వచ్చి బీచ్‌లో బండ్లన్నీ నడిపించి చూస్తాడు, నీళ్ళలో ఆగిపోయిన బండికి పర్మిట్ ఉండదు. పర్మిట్ పోతే నేను పాతసామాన్ల కొట్టుకి, దానయ్య ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గర కుర్చీకి. ఆ మాట విని ఆయన అన్నం ముట్టలేదు. నేనూ భయపడ్డాను, అబద్ధమెందుకు.

గురువారం త్రినాథ్ నా ట్యాంకు అడుగున ఉన్నది గాజుసీసాలోకి దింపాడు. పైన పెట్రోలు, కింద మబ్బుగా నీళ్ళు. “సూడన్నా, సముద్రమే” అన్నాడు. చేపలమ్మి వచ్చిన పోలమ్మ గంప దించి, సీసా లాక్కుని, పైన ఉన్న పెట్రోలు ఒంపేసింది. మిగిలినదాంట్లో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. థూ అని ఉమ్మింది. మళ్ళీ రాసుకుంది.

“ఉప్పేదిరా? తియ్యగుంది!”

“పెట్రోలు తియ్యగుంటాదేటి వదినా?”

“పెట్రోలు కాదురా, కొబ్బరినీళ్ళు! ఓలమ్మో, రోజూ నా సవితి నోట్లో నువ్వే పోసినావేటి మావా!”

ఆవిడ ఇసకలో కూలబడి నవ్వింది. త్రినాథ్ మూత తిప్పి చూసి నెత్తి కొట్టుకున్నాడు. నన్ను మళ్ళీ కడిగి, మూతకి టేపు చుట్టి, “ఇంత పాతబండికి వాషర్ దొరకదన్నా, కాయ మాత్రం కొట్టకు” అన్నాడు. దానయ్య ఒక్కడే నవ్వలేదు.

శుక్రవారం ఆఫీసరు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని దిగాడు. మా వంతు వచ్చింది. దానయ్య చెయ్యి దానంతటదే కాయతో నా ముక్కు మీదికి లేచింది. పోలమ్మ ఆ మణికట్టు పట్టుకుంది.

“కొట్టకుండా దిగలేనే. ఆ రోజు…” అన్నాడు దానయ్య.

“కొట్టొద్దన్నానా? మొక్కు గంగమ్మకా, దీనికా? గంగమ్మ అల్లదిగో, ఎదురుగుంది. ఆవిడది ఆవిడకే ఇయ్యి.”

దానయ్య మోకాళ్ళ లోతుకి నడిచి, అక్కడ నీళ్ళపైకి తేలిన ఒక రాతి మీద కాయ కొట్టాడు. నీళ్ళు అలలో కలిసిపోయాయి. వచ్చి నా మీద ఎక్కాడు. నేను రోజూ చచ్చే చోటు దగ్గరపడుతుంటే కళ్ళు మూసుకున్నాడు. నేను ఆగలేదు. అది దాటాక ఆయన పెట్టిన కేకకి ఒడ్డున ఆఫీసరు కళ్ళద్దాలు తీసి చూశాడట. మధ్యాహ్నానికి పర్మిట్ మీద సంతకం పడింది.

ఆ తర్వాత చాలా వేసవులు ఆయన్ని మోశాను. ఇప్పుడు ఇంజను పూర్తిగా పోయింది. పాతసామాన్లవాడు రెండుసార్లొచ్చాడు, పోలమ్మ చీపురెత్తింది. ఇంటిముందు పడున్నాను. నా సీటు మీద ఎండుచేపలు ఆరతాయి. దానయ్య పక్కనే కూర్చుని సముద్రం చూస్తూ బీడీ కాలుస్తాడు. ప్రతి శుక్రవారం పొద్దున్నే నా ముక్కు మీద కాయ పగులుతుంది. కొట్టేది పోలమ్మే. మూత తీసి మరీ నీళ్ళు పోస్తుంది.

“తాగవే సవితీ” అంటుంది, “ఇక దగ్గు రాదులే.”

తియ్యగానే ఉంటాయి.