గురుస్వామి కంటి కట్టు

నాలుగేళ్ల క్రితం కంది కోస్తుంటే కట్టె ఒకటి నా ఎడమ కంట్లో కొట్టుకుంది. కన్ను ఎర్రబడింది, అంతే. గిద్దలూరు ఆసుపత్రికి పోదామంటే మా అత్త వినలేదు. నన్ను తీసుకెళ్లి గురుస్వామి అరుగు మీద కూర్చోబెట్టింది. ఆయన మా ఊరి కళ్ల వైద్యుడు. అంటే, ఆకు పసరు పిండి కళ్లలో పోస్తాడు. నాకూ పోశాడు. కంటి మీద తెల్లటి పొర కట్టి చూపు పోయింది.

అడగడానికి వెళితే ఆ మహానుభావుడు నవ్వాడు.

"రెండోది బంగారం మాదిరి ఉంది గదా గోపికా. ఒకటి పోతే ఏం తక్కువైంది?"

ఏం తక్కువైందో ఆయనకేం తెలుసు! తర్వాత గిద్దలూరు డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. రెండు కళ్లూ ఎడంగా ఉంటాయి గనక ఒకే వస్తువును చెరో పక్క నుంచి చూస్తాయట. ఆ రెండు బొమ్మలకూ ఉన్న కాస్త తేడాను పట్టుకొని ఏది దగ్గరో, ఏది దూరమో, ఏది గుండ్రమో మెదడు తేలుస్తుందట. ఒక్క కంటికి ఆ తేడా దొరకదు. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. సూది బెజ్జం దారానికి ముందుందో వెనకుందో తెలియక మిషను మీద తల పెట్టి ఏడ్చాను. నీళ్లు చెంబులో కాక పక్కన పోస్తే, కళ్లు నెత్తికెక్కాయా అని మా అత్త తిట్టేది. తాకుతూ, తల అటూ ఇటూ జరుపుతూ అన్నీ మళ్లీ నేర్చుకున్నాను గానీ గురుస్వామి మీద కసి చల్లారలేదు.

ఇవాళ సాయంత్రం ఆయన గిద్దలూరులో శుక్లం ఆపరేషన్ చేయించుకొని, కంటికి కట్టుతో ఆటో దిగాడు. శుక్లం ముదరనైనా లేదు, అప్పుడే పరుగెత్తాడు. ఊళ్లోవాళ్లకు పసరు, తనకు మాత్రం డాక్టరు! నా ఒళ్లు మండిపోయింది.

పైగా ఆయన అరుగు మీద మా వెనక వీధి హన్నా కాచుకొని ఉంది. ఒళ్లో చంటి కూతురు. పిల్ల కన్ను చింతనిప్పులా ఉంది.

"వద్దు హన్నా, గిద్దలూరు తీసుకపో."

"మా నాయనకు ఈయనే నయం చేసినాడక్కా."

గురుస్వామి అప్పటికే పసరులో దూది ముంచాడు. "నాకు ఒక్క కన్ను చాల్లే," అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా.

నాకు కావలసింది అదే. అరుగు మీదున్న మందుసీసా మూత తీసి, ఆ మూతను ఆయన ముందు గాల్లో పట్టుకున్నాను.

"మామా, పిల్ల కదుల్తా ఉంది. ముందు దీంట్లో ఒక్క చుక్క ఎయ్యి."

"నాకే పరీక్షలు పెడతావా?" అని దూది పిండాడు. చుక్క మూతకు ఇవతలే నేల మీద పడింది. మళ్లీ పిండాడు. ఈసారి నా మణికట్టు మీద పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. హన్నా పిల్ల ముఖాన్ని కొంగుతో కప్పేసింది.

"ఇంక ఒకటే అడుగుతా," అన్నాను. "నీ పసరు అంత మంచిదైతే, నీ కంట్లో ఎందుకు పోసుకోలేదు మామా?"

హన్నా లేచి, ఆయన దిగిన ఆటోలోనే పిల్లతో గిద్దలూరు వెళ్లిపోయింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు.

గురుస్వామి మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాచాడు. గ్లాసు దొర్లిపోయింది. ఆయన మొహం పాలిపోయింది.

"ఏంది గోపికా ఇది? గ్లాసు యాడుందో తెలీలే. అన్నీ గోడకంటించిన బొమ్మల మాదిరి ఉన్నాయి. ఇంక ఇట్లనే ఉంటదా?"

ఉండదు. పొద్దున ఆసుపత్రిలో కట్టు విప్పితే రెండు కళ్లూ మళ్లీ కలిసి చూస్తాయి. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. నాకు జాలి వేయలేదు. హాయిగా ఉంది.

"ఇట్లనే ఉంటది మామా. చచ్చేదాకా."

ఆయన లేవబోయి మెట్టు కోసం కాలితో తడుముతుంటే చేయి అందించకుండా వచ్చేశాను. తెల్లారితే నా అబద్ధం బయటపడుతుంది. పడనీ. తెల్లారేదాకా ఆయనకు నిద్ర పట్టకూడదు.