బెరడు వదిలిన దూలం

నేను ఒక టేకు దూలాన్ని. కదిరి పక్క రాళ్లగుట్టలో పుట్టాను. వానలు బాగా పడిన ఏడు ఒంట్లో వెడల్పాటి వలయం వేసుకునేదాన్ని, ఎండిన ఏడు సన్నటిది. ఏడాదికొకటి, ఎన్నడూ తప్పలేదు. ధాత నామ సంవత్సరపు కరువులో మనుషులు పిట్టల్లా రాలిపోతుంటే, నేను వెంట్రుకంత గీత గీసుకుని బతికి బయటపడ్డాను.

నన్ను కొట్టింది పంతొమ్మిది వందల సంవత్సరంలో. వడ్రంగి మౌనాచారి ఆ ఏటి పేరు, శార్వరి, నా పక్కన చెక్కాడు. పనిమంతుడే, కాస్త ఒళ్లు బద్ధకం. నా ఒళ్లంతా నున్నగా చిత్రిక పట్టి, ఒక కొసన జానెడు బెరడు అలాగే వదిలేశాడు. ఇంటాయన అడిగితే, "గోడలోకి పొయ్యేదే గదా సామీ, యెవురు సూడొచ్చినారు?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నూరేళ్లకు పైగా ఆ సిగ్గు గోడలో దాచుకుని మిద్దె మోశాను.

మొన్న ఆ ఇంటి కోడలు సుబ్బనరసమ్మ స్లాబు వేయించాలని మిద్దె విప్పించింది. తెల్లారితే నేను కోతమిల్లుకు. అంతలో హజీరా వచ్చింది. వాన కొలిచే సాధనాలు రాకముందు ఈ సీమలో ఎప్పుడెప్పుడు కరువొచ్చిందో చెట్ల వలయాల్లో వెతికే పిల్ల. మూడేళ్లుగా తిరుగుతోంది. నా బయటి కొసను భూతద్దం పెట్టి లెక్కపెట్టి, అక్కడే కూలబడింది.

"ఏం పాపా, మొద్దును సూసి కండ్లనీళ్లు పెట్టుకుంటా వుండావు?" అంది సుబ్బనరసమ్మ.

"పై వలయాలు ఆచారి చెక్కేసినాడవ్వా. ఎన్ని పోయినాయో తెలీకపోతే ఏ గీత ఏ ఏటిదో చెప్పలేను. మా సారు నా పనంతా చిత్తుకాగితమంటాడు."

"ఇంకో కొస గోడలోనే వుంది గదా, దాన్నీ సూడు."

కూలీలు లాగారు. మట్టి రాలింది. నా బెరడు బయటపడింది, నా పరువు పోయిందనుకున్నాను. హజీరా మాత్రం దాన్ని రెండు చేతులా నిమిరింది. కొసను నున్నగా రుద్ది, బెరడు నుంచి లోపలికి సూదితో లెక్కపెట్టింది. బెరడుంటే పై వలయం ఒక్కటీ పోనట్టే; దాన్ని ఆనుకున్న మొదటిది నన్ను కొట్టిన ఏడు, శార్వరి. ఇరవై అయిదోది వెంట్రుకంత.

"ధాత," అంది మెల్లగా.

"మా జేజవ్వ చెప్పిన కరువు ఇదేనా?" అని సుబ్బనరసమ్మ ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. కోతమిల్లు బండిని ఆమే వెనక్కి పంపేసింది.

ఇప్పుడు నేను కాలేజీలో అద్దాల పెట్టెలో ఉన్నాను. గర్వంగానే ఉంది, దాచుకోవడమెందుకు? చిత్రిక పట్టిన ఒంటిని ఎవరూ పట్టించుకోరు. వచ్చినవాళ్లంతా ముందు బెరడు కొసకే వంగుతారు.

మౌనాచారీ, ఎవరు చూడొచ్చారో ఒక్కసారి వచ్చి చూసిపో.