గంగాధరరావుగారి నిద్రకు కాపలా

మండవల్లి దిగువన, కొల్లేటి ఒడ్డున గంగాధరరావుగారికి పదెకరాల వరి. కంకి పాలు పోసుకున్న నాటినుంచి కోతదాకా పిట్టల కాపలా బాలస్వామిది. ఆ కూలి గింజలే అతనికీ, పెళ్ళాం దానమ్మకీ ఏడాది తిండి.

బాలస్వామి అరుపంటే అరుపే. మంచె ఎక్కి, కిరసనాయిలు డబ్బా వాయిస్తూ, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా “హోయ్!” అనేవాడు. ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన మధ్యన కూడా అన్నాడు. గంగాధరరావుగారు అరుగుమీద పడుకుని ఆ అరుపు వింటూ నిద్రపోయేవారు. అది ఆగితే మెలకువ వచ్చేది. పందొమ్మిదివందల ముప్ఫయ్యారులో ఎకరానికి పదిహేను బస్తాలు పండాయి. అంతా ఆ గొంతు చలవేనని ఊరంతా చెప్పుకున్నారు. నీళ్ళకూ నేలకూ అందులో వాటా లేదు కాబోలు!

మరుసటి ఏడు కాపలా మొదట్లోనే బాలస్వామి గొంతు పోయింది. దానమ్మ మంచె ఎక్కి మూడు రోజులు ఊరికే చూసింది. పిట్టలు తెల్లవారుతూనే వస్తాయి, మళ్ళీ పొద్దువాలాక వస్తాయి. మధ్యాహ్నమంతా తుమ్మచెట్లలో కునుకు తీస్తాయి, అచ్చం గంగాధరరావుగారిలాగే. అంచేత ఆవిడ ఆ రెండు పూటలా గట్టిగా అరిచి, మధ్యలో తుంగచాప అల్లుకునేది.

నిద్ర చెడిన గంగాధరరావుగారు కర్ర పుచ్చుకుని గట్టుమీదికొచ్చారు.

“అరుపేదే?”

“పిట్టలేవండీ?”

“పిట్టల్లేకపోతే అరవవా? మరి కూలెందుకిస్తున్నట్టు?”

“పిట్టలు లేకుండా చేసినందుకేనండీ.”

కోతయింది. అవే పదిహేను బస్తాలు. పదెకరాల మీదా కలిపి రెండు కుంచాలు తరుగు.

“చూశావా! ఆ రెండు కుంచాలూ నీ చాపే మింగింది. వచ్చే ఏడు పగలంతా అరుపు వినబడకపోతే కాపలా పక్కపేట ఏసోబుకిచ్చేస్తాను” అన్నారాయన. నూటయాభై బస్తాలు కళ్ళెదుట ఉంటే ఆయనకి కనబడింది రెండు కుంచాలు! కథ చెబుతున్న నాకే ఒళ్ళు మండింది. దానమ్మకి మాత్రం భయం వేసింది. ఏడాది తిండి మరి.

మూడో ఏటికి బాలస్వామి గొంతు తిరిగొచ్చింది. దానమ్మ పొద్దునా సాయంత్రం తనే మంచె ఎక్కింది. మధ్యాహ్నం మాత్రం మొగుణ్ణి ఎక్కించి, చేనువైపు వీపు పెట్టి, అయ్యగారి అరుగువైపు మొహం పెట్టి కూర్చోమంది.

“పిట్టల్ని నేను చూసుకుంటానండి. మీరు ఆయన్ని చూసుకోండి.”

అయ్యగారికి మళ్ళీ నిద్ర పట్టింది. కోతయింది. అవే పదిహేను బస్తాలు, అదే రెండు కుంచాల తరుగు.

“అంత అరిస్తేనే రెండు కుంచాలు పోయాయే, అరవకపోతే ఏమైపోయేవాళ్ళం!” అంటూ గంగాధరరావుగారు గుండెలమీద చెయ్యేసుకున్నారు. ఆ కష్టానికి మెచ్చి బాలస్వామికి కూలిపైన రెండు కుంచాలు కొలిపించారు.

దానమ్మ ఆ వడ్లు తీసుకెళ్ళి తన తుంగచాపమీద ఎండబోసింది.