అరువు కళ్లె

రాళ్లు కోసి పాలిష్ పట్టే ఆ షెడ్డులో మేస్త్రి పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. పొద్దున నల్ల జుట్టుతో లోపలికి వెళ్లినవాళ్లు సాయంత్రానికి తెల్ల జుట్టుతో బయటికొచ్చేవారు. ఆ దుమ్మును ఎవరూ తిట్టేవారు కాదు. తిట్టడానికి నోరు తెరిస్తే అదీ లోపలికే పోతుంది.

మేస్త్రికి ఏడాదిగా దగ్గు. మెట్లెక్కితే ఆయాసం. భార్య అడిగితే, "దుమ్ము తిన్నవాడికి దగ్గు రాక పాటొస్తుందా" అని కొట్టిపారేసేవాడు. ఆమె తమ్ముడు కూడా అదే షెడ్డులో రాళ్లు కోసే మిషను మీద పనిచేసేవాడు. మనిషి దిట్టంగా ఉండటంతో అందరూ అతన్ని గుండ్రాయి అని పిలిచేవారు. అతనికి ఎనిమిది నెలల కూతురు.

ఒకరోజు ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ బరువు చూసే మిషనూ, ఒక సంచీ నిండా ప్లాస్టిక్ డబ్బాలూ పట్టుకుని షెడ్డుకే వచ్చింది.

"రాతి దుమ్ములో పనిచేసేవాళ్లకి టీబీ తొందరగా వస్తుంది. జబ్బు ముదిరాక మీరు మా దగ్గరికొచ్చేకంటే, ముందే మేం మీ దగ్గరికి రావడం నయం కదా" అంది.

ఒక్కొక్కరినీ నిలబెట్టి దగ్గు ఉందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గారా అని అడిగింది. గుండ్రాయి ఏమీ లేవన్నాడు. మేస్త్రి కూడా లేవనే అనబోయాడు. మాట పూర్తికాకుండానే దగ్గు తెర కమ్మింది. అందరూ నవ్వారు.

"నీ అబద్ధానికి నీ గుండెలే అడ్డొచ్చాయన్నా" అంటూ ఆమె ఒక డబ్బా అతని చేతిలో పెట్టింది. "రేపు లేవగానే నోరు పుక్కిలించి, లోపల్నుంచి దగ్గి ఇందులో వెయ్యి. ఉమ్మి కాదు, కళ్లె."

అంతకుముందు ఏడు ఒకతనికి టీబీ అని తేలితే, మిగతావాళ్లు అతని గ్లాసు వేరు పెట్టారు. తర్వాత అతనే రావడం మానేశాడు. ఆ గ్లాసు ఇంకా కిటికీలోనే ఉంది. మర్నాడు పొద్దున షెడ్డు వెనక కుళాయి దగ్గర మేస్త్రి ఆ డబ్బాను బావమరిది ముందుకు చాపాడు.

"నువ్వు వెయ్యరా ఇందులో."

"నన్నడగలేదుగా ఆవిడ?"

"నీకేం లేదు కాబట్టే అడుగుతున్నా."

గుండ్రాయి పగలబడి నవ్వాడు. "అక్క మొగుడివి, అడిగితే కిడ్నీ అయినా ఇస్తాను. కళ్లెదేముంది బావా! సిగరెట్ల పుణ్యమా అని కావలసినంత ఉంది." గట్టిగా దగ్గి, వేసి, మూత బిగించి ఇచ్చాడు.

మూడో రోజు నర్సమ్మ ఇంటికే వచ్చింది. కుర్చీ వేయబోతే వద్దని, గుమ్మంలోనే నిలబడి మెల్లగా చెప్పింది. "కంగారుపడొద్దన్నా. టీబీ ఉందని వచ్చింది. ఆరు నెలలు మాత్రలు మింగితే పూర్తిగా పోతుంది."

మేస్త్రి భార్య గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. మేస్త్రి మాత్రల పొట్లం అందుకున్నాడు. నర్సమ్మ ఎలా వేసుకోవాలో చెబుతుంటే తలూపాడు. ఒక్క ముక్కా చెవికెక్కలేదు. తన చేతిలో ఉన్నవి ఎవరి మాత్రలో తనకొక్కడికే తెలుసు.

ఆమె గుమ్మం దిగి వెళ్లాక అతను పొట్లం విప్పలేదు. నోరు మూసుకుంటే గుట్టు దాగుతుంది. కానీ గుండ్రాయి ఇంటికెళ్లగానే కూతుర్ని గుండెమీద వేసుకుని ఆడిస్తాడు. ఆ సంగతి గుర్తొచ్చాక మేస్త్రికి గుట్టు బయటపడుతుందన్న భయం వేయలేదు, సిగ్గూ వేయలేదు. లేచి చెప్పులు వేసుకున్నాడు. వీధి చివర నర్సమ్మను అందుకునేసరికి ఊపిరి అందలేదు. కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"అది నాది కాదమ్మా. మా బావమరిదిది."

ఆమె మొహం ఎర్రబడింది. "పద, ముందు అతని దగ్గరికి పోదాం" అంది.

గుండ్రాయి మొదట నమ్మలేదు. రెండోసారి పరీక్ష చేస్తే అదే మాట వచ్చింది. అతని భార్యనీ, పాపనీ కూడా చూసి, వాళ్లకి అంటలేదని చెప్పి, ముందుజాగ్రత్తకి మందులిచ్చారు. మేస్త్రి ఈసారి తన కళ్లె తనే ఇచ్చాడు. ఎక్స్‌రే కూడా తీశారు.

డాక్టరు ఫిల్మును వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడు.

"మీకు టీబీ లేదు. ఈ మచ్చలన్నీ రాతి దుమ్ము. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి."

"మందేదండీ?"

"ఆయాసం తగ్గడానికి ఇస్తాను. చెడినచోటు మళ్లీ బాగుపడదు. ఇక దుమ్ములోకి వెళ్లొద్దు. టీబీ మీకు తేలిగ్గా రావచ్చు, మానకుండా పరీక్షలకి రండి."

బయట బల్లమీద మూతికి గుడ్డ కట్టుకుని గుండ్రాయి కూర్చున్నాడు. "ఏమన్నాడు బావా?"

"టీబీ లేదట."

"బతికించావు! నా సంగతంటావా, ఆరు నెలల్లో పోతుందట. నీ డబ్బాలో వెయ్యకపోతే నాకు తెలిసేదే కాదు కదా." మేస్త్రి చెయ్యి పట్టుకోబోయి, జబ్బు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. మేస్త్రే ఆ చెయ్యి పట్టుకున్నాడు. తనకు అసూయ పుడుతుందేమోనని కాసేపు చూశాడు. ఏదీ పుట్టలేదు.

ఇంటికెళ్లి భార్యకూ అంతే చెప్పాడు. తమ్ముడి కోసం అప్పటికే ఏడ్చి ఉన్న మనిషి, ఇప్పుడు మొగుడి కోసం ఏడుస్తూ నవ్వింది. ఆ నవ్వు చూశాక మిగతాది నోటికి రాలేదు.

నాలుగు రోజులకు, పెరట్లో ఇద్దరూ చెరో కొసా పట్టుకుని తడి దుప్పటి పిండుతుంటే అతను ఆయాసపడి ఆగాడు.

"నాది మందుల్లేని జబ్బట" అన్నాడు.

ఆమె పిండుతున్న చేతులు ఆగలేదు. దుప్పట్లోంచి నీళ్లు కారడం ఎప్పుడో ఆగిపోయింది.

"ఎప్పుడు చెప్పారు?"

"ఆ రోజే."

"ఆ కొస వదిలెయ్, నేను ఆరేస్తాను" అంది.

మేస్త్రి షెడ్డు మానేసి ఒక బట్టల గోదాము గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. భార్య కుట్టుపనికి పోసాగింది. ఆరు నెలలు నిండాక, చివరి పరీక్షకు గుండ్రాయి బావను కూడా తోడు తీసుకెళ్లాడు. ఆ గది పై అంతస్తులో ఉంది. మేస్త్రి మొదటి మెట్టు దగ్గరే కూర్చుండిపోయాడు. కాసేపటికి గుండ్రాయి రెండేసి మెట్లు దూకుతూ కిందికొచ్చి, టీబీ లేదన్న కాగితం చూపించాడు. మేస్త్రి దాన్ని పైనుంచి కిందిదాకా చదివి, జాగ్రత్తగా మడిచి, బావమరిది జేబులో పెట్టాడు.