పదిహేడు చెట్లు

సొలొమోను బొటనవేలి గోటితో నేరేడు చెట్టు బెరడు గీరి చూశాడు. లోపల సన్నటి పచ్చగీత. హమ్మయ్య, ఇంకా ప్రాణముంది.

హనుమాన్ జంక్షన్ దగ్గర రోడ్డు వెడల్పు చేసినప్పుడు నూటపన్నెండు చెట్లను వేళ్ళతో సహా పెకలించి, క్రేన్లతో ఎత్తి, సర్వీసు రోడ్డు పక్కన మళ్ళీ నాటారు. ఫోటోలు తీసుకుని అందరూ వెళ్ళిపోయారు. నీళ్ళు పోయడానికి మిగిలింది రోడ్డు వేసిన కంపెనీ ట్యాంకరు, దాని డ్రైవరు జక్కయ్య, పైపు పట్టే సొలొమోను. రెండేళ్ళు తిరిగేసరికి తొంభై అయిదు చెట్లు కట్టెలయ్యాయి. బతికినవి పదిహేడు. వాటిలో ఈ నేరేడొకటి. పాత రోడ్డు మీద దీని నీడలోనే వాళ్ళమ్మ గంప దించుకుని, బస్సు కిటికీలకు పళ్ళ పొట్లాలు అందించేది. ఆ గంప పక్కనే సొలొమోను పెరిగాడు. ఇప్పుడతనికి అరవై దగ్గర పడ్డాయి.

మే నెల. కాలువలకు నీళ్ళు కట్టేశారు. ట్యాంకరు వచ్చి నాలుగు రోజులైంది. ఎందుకు రాలేదంటే, కంపెనీకి పర్యావరణ అవార్డు వచ్చింది! టోల్‌గేటు పక్కన ఇవాళ సభ. పెద్దవాళ్ళ కార్లకు దుమ్ము లేవకూడదని ట్యాంకరు అక్కడ నేల తడుపుతోంది. చెట్లను బతికించినందుకు అవార్డట, ఆ చెట్ల నీళ్ళే పట్టుకెళ్ళి దుమ్ముకి పోస్తున్నారు. ఈ చోద్యం ఎవరితో చెప్పుకోవాలి?

సొలొమోను టోల్‌గేటు దాకా నడిచాడు. సైటు ఇంజినీరు జయకృష్ణ బ్యానరు కట్టిస్తున్నాడు. నూటపన్నెండు చెట్లకు పునర్జన్మ అని దాని మీద బారెడు అక్షరాలు.

"ఒక్క ట్రిప్పు ఇప్పించండి సార్. నేరేడు చెట్టు వాడిపోతందండీ."

"సభ అయిపోనీ సొలొమోనూ. రేపు రెండు ట్రిప్పులు పోద్దువుగాని."

"రేపటిదాకా ఆగదండీ."

జయకృష్ణ చెడ్డవాడేం కాదు, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. కంపెనీ పేరున్న కొత్త సేఫ్టీ జాకెట్టొకటి చేతిలో పెట్టి, వేసుకుని ఫోటోలో వెనకాల నిలబడమన్నాడు. సొలొమోనుకు ఒళ్ళు మండిపోయింది. జాకెట్టు కుర్చీ మీద పెట్టి వచ్చేశాడు.

టీకొట్టు పద్మావతమ్మకు బోరుంది. ఆవిడ బకెట్టు ఇచ్చింది గాని, ఈ ఎండలో ఏం పిచ్చి, కాసేపు కూర్చోమని కేకలేసింది. సొలొమోను వినలేదు. నెర్రెలిచ్చిన నేలలో నీళ్ళు ఒక్కసారే పోస్తే వేరుకు అందవు. అందుకే పాత నూనె డబ్బా అడుగున మేకుతో బెజ్జం కొట్టి, గుడ్డపేలిక దోపి, చెట్టు మొదట్లో పెట్టాడు. చుక్కచుక్కగా దిగుతుంది. ఇది ఎవరూ నేర్పింది కాదు. కొట్టుకీ చెట్టుకీ అర కిలోమీటరు. డబ్బా నిండడానికి మూడుసార్లు తిరిగాడు. మూడోసారికి కాళ్ళు తడబడ్డాయి.

చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. టోల్‌గేటు వైపు నుంచి మైకు వినిపిస్తోంది. నూటపన్నెండు అని ఎవరో అన్నారు, చప్పట్లు కొట్టారు.

"పదిహేడండీ," అన్నాడు సొలొమోను. వినడానికి అక్కడెవరూ లేరు.

సాయంత్రం ట్యాంకరులో అడుగున మిగిలిన నీళ్ళతో జక్కయ్య వచ్చాడు. నిద్రపోతున్నాడనుకుని భుజం తట్టాడు. మనిషి పక్కకు ఒరిగిపోయాడు. జక్కయ్య అక్కడే కూలబడ్డాడు.

చెట్టు మొదట్లో డబ్బా ఇంకా సగం ఉంది. పేలిక చివర ఒక చుక్క కాసేపు వేలాడి, మట్టిలోకి దిగింది.